బీడు ఇనుముకు చుట్టలు రావు

మొగుడి చొక్కా నీళ్ళలో వేసే ముందు కుట్టు కుట్టూ వెతకడం ఉమామహేశ్వరమ్మకు పదిహేడేళ్ళ అలవాటు. వెతక్కపోతే ఏమవుతుందో పెళ్ళయిన మొదటి వారంలోనే తెలిసింది. బండ మీద చొక్కా బాదుతుంటే సన్నటి ఇనుప చుట్ట ఒకటి అరచేతిలో దిగింది. దాన్ని బయటికి లాగిన మద్దిలేటి మేస్త్రీ పెళ్ళాం చెయ్యి చూడలేదు. చుట్టను వెలుతురుకు పట్టి చూసి, "శానా బాగొచ్చింది" అని మురిసిపోయాడు.

నంద్యాల స్టేషను రోడ్డులో గురుస్వామి షెడ్డు ఉంది. ఆయిలింజన్లు, పత్తి మిల్లుల సామాన్లు బాగుచేసే చోటు. అక్కడ ఇనుముకు బెజ్జాలు వేసేవాడు మద్దిలేటి. బెజ్జం పడుతుంటే తొక్కల్లా లేచే ఇనుప చుట్టలు చొక్కాకు అంటుకుని ఇంటికొచ్చేవి. కొత్త పెళ్ళికూతురికి మల్లెపూలు తెచ్చే మొగుళ్ళుంటారు. ఈయన డ్రిల్లులు తెచ్చాడు. షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి డ్రిల్లులు వాళ్ళవి, ఎవరి సాన వాళ్ళది. ఒక మేస్త్రీ డ్రిల్లును ఇంకో మేస్త్రీ ముట్టడు, చూడడు, ఎట్లా ఉందని అడగడు. అది పక్కవాడి కంచంలో చెయ్యి పెట్టినంత తప్పు. అందుకని ఆ డ్రిల్లులు సాయంత్రానికి గుడ్డ మూటలో ఇంటికొచ్చేవి, పొద్దున మళ్ళీ మూటలోనే పోయేవి.

"చూడు మే," అన్నాడు ఆ మొదటి వారంలోనే, డ్రిల్లు మొనను ఆమె ముక్కు దగ్గర పెట్టి. "ఈ మొనకు రెండంచులుండాయి. రెండిటికీ ఒకటే వాలు, ఒకటే పొడుగు ఉండాల. అప్పుడే రెండు పక్కలా జోడుగా చుట్టలొస్తాయి."

"లేకుంటే?"

"లేకుంటే ఒకటి పని చేస్తాది, ఇంగొకటి ఊరికే తిరుగుతాంటాది."

"మీ అన్నదమ్ముల మాదిరి."

మద్దిలేటి ఆ మాట వినలేదు. పాఠంలో ఉన్నాడు. అంచు వెనకాల వీపు కాస్త దిగి ఉండాలన్నాడు. దిగకపోతే అంచు ఇనుమును తాకక ముందే వీపు రుద్దుకుని, కాలి, నీలమెక్కుతుంది. మరీ దిగితే అంచు పలచబడి చిట్లిపోతుంది. ఇక నట్టనడిమిన ఉండే అడ్డగీత దేన్నీ కొయ్యదు, ఊరికే తోస్తుంది. కానీ డ్రిల్లు బరువంతా దాని మీదే. ఉమామహేశ్వరమ్మ వంటింటి వైపు చూసింది. లోపల అత్తగారు దగ్గింది. ఆ భాగం మాత్రం ఆమెకు ఒక్కసారికే బాగా అర్థమైంది.

చివర్లో ఆరు పలకల నట్లు రెండు తీసి ఆమె చేతిలో పెట్టాడు. రెంటినీ పక్కపక్కన ఆనిస్తే మధ్యలో చిన్న లోయ ఏర్పడుతుంది. డ్రిల్లు మొన ఆ లోయలో వెలుతురు దూరకుండా కూర్చుంటే వాలు సరిగా ఉన్నట్టు. ఆ నట్లను ఆమె పోపులపెట్టెలో, మెంతుల గిన్నె పక్కన పెట్టుకుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అడిగితే పెళ్ళినాటి బహుమానమని చెప్పేది. అది అబద్ధమూ కాదు.

అట్లా పదిహేడేళ్ళు గడిచాయి. అత్తగారు పోయింది. పిల్లలు కలగలేదు. కలగనందుకు ఎవరిని అనాలో తేల్చకుండానే చుట్టాలు విసిగి మానుకున్నారు. రాజధాని కర్నూలును వదిలి హైదరాబాదుకు పోయిన మరుసటి ఏడు, ఎండాకాలం మొదట్లో, చొక్కాలో దొరికే చుట్టలు మారాయి. జోడు చుట్టలు పోయి, ఒకటి పొడుగ్గా, ఒకటి నలిగిన పొట్టులా రాసాగాయి. కొన్నిసార్లు నీలం రంగులో కాలి ఉండేవి.

ఆమె ఏమీ అడగలేదు. ఒక రోజు అతని చొక్కాకు నాలుగు తెల్ల గుండీల నడుమ ఒక ఎర్ర గుండీ కుట్టింది. మద్దిలేటి గుండీలు పెట్టుకున్నాడు, పనికి పోయాడు, వచ్చాడు.

"అందరూ నన్ను చూసి నగుతాండారు మే. ఏందో ఏమో."

నవ్వుదామని కుట్టిన గుండీ అది. ఆమెకు నవ్వు రాలేదు. అతని ఎదురుగా కూర్చుని రొమ్ము మీది గుండీని వేలితో తట్టింది.

"ఇదేం రంగు?"

మద్దిలేటి ఆ గుండీని బొటనవేలితో తడిమాడు. ఆ తర్వాత చెప్పాడు. కుడికన్ను పోయి పన్నెండేళ్ళయింది. ఇనుప పెచ్చు ఎగిరి తగిలిన సంగతి ఊరందరికీ తెలుసు. ఎడమకంటికి శివరాత్రి నుంచి పొగ కమ్మినట్టుంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

"కర్నూలు పెద్దాసుపత్రికి పోదామయ్యా. పొర తీస్తారంట."

"రెండు కండ్లుంటే ఒకటి వాళ్ళ చేతికిచ్చి చూడొచ్చు. నాకుండేది ఒకటే. అది చెడితే ఏం చేసేది?"

"మరి సాన ఎట్ల పడతాండావ్?"

"చెవితో. అంచు చక్రానికి సరిగ్గా తగిల్తే ఒక రాగం వస్తాది, ఎక్కువ తగిల్తే ఇంగో రాగం. వాలు బొటనేలికి తెలుస్తాది. పొడుగే తెలీడంల్యా."

పొడుగు తెలియకపోతే ఏమవుతుందో ఆమెకు చెప్పనక్కర్లేదు. ఒక అంచు పొడుగైతే మొన నడిమధ్య నుంచి పక్కకు జరుగుతుంది. అప్పుడు డ్రిల్లు బొంగరంలా ఊగుతూ తిరిగి, తన లావుకన్నా పెద్ద బెజ్జం వేస్తుంది. ఒక వెంట్రుకంత, ఒక్కోసారి ఒక నువ్వుగింజంత.

ఉమామహేశ్వరమ్మ లేచి చీపురుకట్ట లోంచి ఒక పుల్ల లాగింది. మూట విప్పింది.

"మేయ్! ముట్టొద్దు!"

"పదిహేడేండ్లుగా నీ రజను ఏరతాండా. డ్రిల్లు ముట్టుకుంటే మైల పడతాదా?"

పుల్లను ఒక అంచు పొడుగుకు తుంచింది. దాన్ని రెండో అంచు మీద పెట్టి చూసింది. ఎక్కువున్న వైపు సానరాయి మీద రుద్దింది. మళ్ళీ పుల్ల, మళ్ళీ రాయి. ఆ తర్వాత పోపులపెట్టె లోంచి నట్లు తీసి లోయలో కూర్చోబెట్టింది. మద్దిలేటి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. తన డ్రిల్లు ఇంకొకరు ముట్టడం చూడకూడదనేమో. చూసినా కనపడదు కదా అని ఆమె అనబోయి మింగేసింది.

మర్నాడు చొక్కాలో జోడు చుట్టలు దొరికాయి.

నాలుగు నెలలు గురుస్వామి షెడ్డులో ఒక జీతానికి ఇద్దరు మేస్త్రీలు పనిచేశారు. అందులో ఒకామె వంటింట్లో కూర్చుని చేసేది. చట్టిలో పప్పు ఉడికేలోగా నాలుగు డ్రిల్లులు చూసేది. చుట్టల్ని గిన్నెలో పోగేసి సాయంత్రం మొగుడికి లెక్క అప్పజెప్పేది, "ఇవి జోడు, ఇవి జోడు, ఇది మాత్రం నువ్వు బలంగా నొక్కినావు" అని. మద్దిలేటి మొదట ముడుచుకున్నాడు, తర్వాత ఎదురుచూడడం మొదలుపెట్టాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళు అంతగా మాట్లాడుకున్నది లేదు. ఆ నాలుగు నెలల్లో ఉమామహేశ్వరమ్మ సంతోషంగా ఉంది. ఆ సంగతి తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆమెకు అరచెయ్యి మండేది.

శ్రావణంలో ఒక శనివారం మద్దిలేటి హుషారుగా వచ్చాడు.

"ఆళ్ళగడ్డ బుడ్డల మిల్లుకు కప్లింగు చేసినాం మే. మద్దేనం లారీకి పోయింది."

వేరుశనక్కాయలు, అంటే ఆ వైపు వాళ్ళు చెప్పే బుడ్డలు, ఒలిచే మిల్లు అది. ఇంజను ఇరుసు చివర ఒక ఇనుప పళ్ళెం, ఒలిచే యంత్రం ఇరుసు చివర ఇంకో పళ్ళెం ఉంటాయి. రెంటినీ ముఖాముఖి పెట్టి ఆరు బోల్టులు బిగిస్తే అదే కప్లింగు. ఇంజను బలమంతా ఆ ఆరు బోల్టుల మీదుగానే పోవాలి. మద్రాసులో అయితే బెజ్జం వేశాక ఇంకో పనిముట్టుతో నున్నగా సరిచేస్తారట. నంద్యాలలో ఆ పనిముట్టు పేరు మద్దిలేటి. డ్రిల్లు దించితే చాలు, బోల్టుకు సరిపోయేది.

"ఎంత సులువుగా పోయినాయనుకున్యావ్ బోల్టులు! చేత్తో తోస్తే దూరినాయి."

అన్నం వడ్డిస్తున్న ఆమె చెయ్యి ఆగింది.

"సుత్తి?"

"సుత్తి పనే పళ్ళేదు."

"కప్లింగు బోల్టు సుత్తి దెబ్బ తింటా పోవాలని నువ్వే చెప్పినావు గదయ్యా. చేత్తో పోయింది చేత్తోనే వస్తాదంటివే."

మద్దిలేటి ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. ఆమె పోయి చొక్కా దులిపింది. ఒక్క చుట్ట లేదు. నల్లటి పొడి రాలింది, అంతే. అప్పుడు తట్టింది ఆమెకు. పళ్ళేలు బీడు ఇనుముతో పోతపోసినవి. బీడు ఇనుముకు చుట్టలు రావు. డ్రిల్లు బాగున్నా పొడే, చెడినా పొడే. నాలుగు నెలలుగా ఆమె నమ్ముకున్న సాక్ష్యం ఆ ఒక్క ఇనుము దగ్గర నోరు విప్పదు.

మూట విప్పింది. నట్ల లోయలో మొన చక్కగా కూర్చుంది. పుల్ల పెట్టింది. ఒక అంచు ఇంకోదానికన్నా నువ్వుగింజంత పొడుగు.

"పొద్దున నేనిచ్చింది ఇట్ల ల్యా."

"మూడో బెజ్జంలో పోత గట్టిపడిన మచ్చ తగిలింది," అన్నాడు మద్దిలేటి, కంచం వైపే చూస్తూ. "అంచు చిట్లింది. లారీ ఎదురుగా నిలబడుండాది. ఆడనే సాన పట్టుకున్యా."

అంటే తర్వాత వేసిన బెజ్జాలన్నీ పెద్దవే. ఇద్దరికీ తెలుసు. 

"గురుస్వామన్నతో చెప్పు. కప్లింగు వెనక్కి తెప్పిస్తాడు."

"సోమారం చెప్తా."

సోమవారం సాయంత్రం చెప్పులు విడవక ముందే అడిగింది, "చెప్పినావా?"

"చెప్పబోతి. నేను నోరు తెరిచేలోగానే ఆయప్ప, 'మద్దిలేటి చెయ్యి పడినాక ఇంగ చూసుకోబన్లేదని ఆళ్ళగడ్డోళ్ళకు చెప్పినా' అన్న్యాడు. యాడ చెప్పేది మే? చెప్తే, ఎట్ల జరిగిందని అడుగుతాడు. ఎట్ల జరిగిందంటే కండ్ల కాడికి వస్తాది."

"వస్తే రానీ."

"వచ్చినాక? కండ్లు లేని మేస్త్రీకి ఏం పనిస్తారు? నాకింకో పని చేతగాదు."

మంగళవారం పొద్దున ఆమె క్యారియరులో అన్నం సర్ది, అహోబిలం మొక్కు ఉందని చెప్పి బస్సెక్కింది. ఏ మొక్కని మద్దిలేటి అడగలేదు. శిరివెళ్ళ దాటేదాకా ఆమె ఒక మాటను మనసులో తిప్పుకుంటూ పోయింది: మా ఆయనకు కండ్లు కనపడవు. నాలుగు ముక్కల మాట. ఎడమవైపు నల్లమల కొండలు బస్సుతో పాటే వస్తున్నాయి, పోనంటున్నాయి.

మిల్లులో ఇంజను చప్పుడుకు మాట వినపడడం లేదు. కొత్త కప్లింగు నల్లగా, అందంగా తిరుగుతోంది. దానికి మూరెడు దూరంలో ఒక ముప్పై ఏళ్ళ మనిషి కూర్చుని, పప్పులోంచి పొట్టు చెరుగుతోంది. పేరు రూతు.

"ఈడ కూచున్నావేమ్మా?" అంది ఉమామహేశ్వరమ్మ, చెవి దగ్గరికి వంగి.

"ఈడైతే గాలొస్తాదక్కా. ఈ చక్రం ఇసురుతాంటాది గదా, పొట్టంతా అవతలికి పోతాది." రూతు నవ్వింది. "దొరసానుల మాదిరి ఫ్యాను కింద పని నాది."

"ఆ మూలకు పోయి కూచోరాదూ. కొంచెం రోజులు."

"ఆడ కూచుంటే పొట్టు కండ్లల్ల పడతాది. కండ్లు పోతే ఏం తిని బతకాలక్కా?"

ఉమామహేశ్వరమ్మ నడుం నిటారు చేసుకుని గుమాస్తా గది వైపు నడిచింది.

"నంద్యాల గురుస్వామి షెడ్డు మేస్త్రీ పెండ్లాన్ని," అంది. "ఆ కప్లింగు బెజ్జాలు పెద్దయినాయి. ఇంజను నిలబెట్టి వెనక్కి పంపండప్పా."

గుమాస్తా కళ్ళజోడు పైకి తోసి ఆమెను, ఆమె చేతిలోని క్యారియరును చూశాడు. "మేస్త్రీ రాలేదేం?"

"జ్వరం."

"నిన్ను పంపినాడా?"

"లేదు. నాకే అనుమానం."

"కలొచ్చిందామ్మా నీకు?"

గదిలో ఇంకో ఇద్దరు నవ్వారు. అయినా గుమాస్తా మంచివాడే. డ్రైవరును పిలిచి ఇంజను ఆపించాడు, రెంచి పెట్టించాడు. డ్రైవరు ఆరు నట్లనూ బలంకొద్దీ తిప్పి చూశాడు. ఒక్కటీ కదల్లేదు.

"బిగ్గెగా ఉండాయి సామీ."

"నట్టు బిగువు చూసి బోల్టు సంగతి చెప్పలేమప్పా," అంది ఆమె. "బయట బిగ్గెగానే ఉంటాది. లోపల బెజ్జంలో బోల్టు చుట్టూ సందుంటే, ఇంజను ఎత్తుకున్నప్పుడల్లా దెబ్బ తగుల్తాది. మొదట ఒకటి తెగుతాది. మిగిలినవాటి మీద బరువు పడి అవీ తెగుతాయి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గుమాస్తా ముందుకు వంగాడు. "నీకెట్ల తెలుసమ్మా ఇదంతా? మేస్త్రీ చెప్పినాడా, బెజ్జాలు పెద్దగా వేసినానని? అట్ల చెప్పుంటే చెప్పు. ఇప్పుడే విప్పిస్తా. ఊరికే విప్పమంటే సాహుకారికి నేనేం జవాబు చెప్పాల?"

అడగాల్సిన ప్రశ్న అతను అడిగేశాడు. ఆమె చెప్పాల్సిన మాట నాలుక చివర ఉంది. ఆమెకు వంటింట్లో గోడ వైపు తిరిగి కూర్చున్న వీపు కనపడింది. ఎర్ర గుండీ కనపడింది.

"ఆయన చెప్పలేదు," అంది.

"అయితే పొయ్ రామ్మా. మొక్కు తీర్చుకోని పో."

ఇంజను మళ్ళీ ఎత్తుకుంది. రూతు చేట అందుకుని తన ఫ్యాను కిందికి జరిగింది. ఉమామహేశ్వరమ్మ అహోబిలం పోలేదు. క్యారియరు విప్పకుండానే నంద్యాల బస్సెక్కింది. చేయగలిగింది చేశానని దారి పొడుగునా తనకు తాను చెప్పుకుంది. అటువంటి మాట ఎన్నిసార్లు చెప్పుకోవాల్సి వస్తే అంత అబద్ధమని ఆమెకు తెలియకపోలేదు.

శుక్రవారం పది గంటలకు బోల్టులు తెగాయి. ఎన్ని ముందు, ఎన్ని వెనక అన్నది ఎవరూ చూడలేదు. సగం పళ్ళెం పగిలి ఎగిరింది. తోడు లేని ఇరుసు పాములా కొట్టుకుని రూతును పట్టుకుంది. నంద్యాల ఆసుపత్రికి తెచ్చేటప్పటికి కుడిచెయ్యి మోచేతి పైదాకా లేదు. ప్రాణం ఉంది.

శనివారం విరిగిన కప్లింగు షెడ్డుకు వచ్చింది, ఇదే మాదిరి ఇంకొకటి చేసి పంపమని. మద్దిలేటి దాని ముందు గొంతుకూర్చుని ఒక్కో బెజ్జంలో వేలు పెట్టి చూశాడు. మొదటిది. రెండోది. మూడో దాని దగ్గర ఆగాడు. ఆ తర్వాత వేలు తియ్యలేదు.

"ఇవి నావే గురుస్వామన్నా," అన్నాడు. "బోల్టుల తప్పు గాదు. నాకు కండ్లు ల్యావు."

గురుస్వామి చుట్టూ చూసి, అతన్ని రెక్క పట్టుకుని గది లోపలికి తీసుకుపోయాడు. "ఆ మాట ఇంగోసారి అనొద్దు. బోల్టుల ఇనుము చెడ్డదని నేను రాసి పంపినా. ఆ మనిషి కొంగు తగులుకుని మిషను మీద పడిందని మిల్లోళ్ళు రాసినారు. అందరికీ సరిపాయ. నువ్వు పది రోజులు ఇంట్లో ఉండు. అందాకా ఇంగో మనిషిని పనికి చూసుకుంటా."

అందరికీ సరిపోయిన ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పాడు. డ్రిల్లుల మూట చేతిలో లేదు. షెడ్డులోనే, ఎవరి చేతికో ఇచ్చేసి వచ్చాడు. ఆ కప్లింగుకు బెజ్జాలు వేసిన డ్రిల్లు ఒక్కటి మాత్రం, ఆ రోజు నుంచి మళ్ళీ సాన పట్టనిది, జేబులో ఉంది.

"రూతుకు సరిపోయిందా?" అంది ఉమామహేశ్వరమ్మ.

అతను జేబులోని డ్రిల్లు తీసి ఆమె ముందు పెట్టాడు.

బుధవారం కర్నూలు నుంచి మిల్లుల తనిఖీ అధికారి వస్తున్నాడనీ, ఆసుపత్రిలోనే రూతు మాట రాసుకుంటాడనీ తెలిసింది. కొంగు తగులుకుందని తేలితే తప్పు ఆమెదవుతుంది. చెయ్యి పోయినందుకు ఆమే దోషి. ఆ బుధవారం ఉమామహేశ్వరమ్మ పోపులపెట్టె లోంచి రెండు నట్లు తీసింది, తుంచిన పుల్ల తీసింది, డ్రిల్లును కొంగున కట్టుకుంది. మొగుడి చెయ్యి పట్టుకుని వీధిలో నడిచింది. పట్టపగలు పెళ్ళాం చెయ్యి పట్టుకుని పోతున్న మద్దిలేటిని ఊరంతా చూసింది. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు.

రూతు ఆమెను చూడగానే గుర్తుపట్టింది. కళ్ళు వెలిగాయి.

"వచ్చినావా అక్కా!" పక్క మంచం ముసలామె వైపు తిరిగింది. "ఈ యక్కే పెద్దమ్మా నేను చెప్పింది. ఆ మిల్లులో ఇంతమంది మగోళ్ళుండి, ఈ యక్క ఒక్కతే నంద్యాల నుంచి వచ్చి నాకు చెప్పింది, అవతల కూచోమని. నేనే ఇనకపోతి. నాదే తప్పు."

ఉమామహేశ్వరమ్మకు కూర్చోమని ముసలామె జాగా ఇచ్చింది. ఆమె కూర్చోలేదు.

"నీది గాదు," అంది. "ఈయన నా మొగుడు. ఆ బెజ్జాలు వేసింది ఈయనే. ఈయనకు కండ్లు కనపడవు. నాకు తెలుసు. డ్రిల్లు సరిచేసి పంపేది నేనే."

రూతు మద్దిలేటి వైపు చూసింది. అతను చూపు లేని కళ్ళతో ఆమె మంచం కోడును చూస్తున్నాడు. ఆమె ఎటుందో తెలియక అట్లా చూస్తున్నాడని అర్థం కావడానికి రూతుకు కొంచెంసేపు పట్టింది.

"ఆ పొద్దు ఇంజను నిలబెట్టినారు గదా," అంది నిదానంగా. "గుమాస్తా నిన్ను అడిగినాడు గదా. నేను చూస్తానే ఉండాను. అప్పుడెందుకు చెప్పలేదు?"

దారిలో నాలుగైదు జవాబులు కూర్చుకుని వచ్చింది ఉమామహేశ్వరమ్మ. ఒక్కటీ పనికిరాలేదు.

"చెప్పలేదు," అంది.

రూతు మొహం గోడకు తిప్పుకుంది. ముసలామె తాను ఇచ్చిన జాగాను మెల్లగా చాప పరిచి నింపేసుకుంది.

అధికారి వచ్చాడు. కుర్చీ వేశారు. ఉమామహేశ్వరమ్మ అతని ముందు బల్ల మీద నట్లు పెట్టి, డ్రిల్లు మొనను లోయలో కూర్చోబెట్టి, వాలు బాగున్నట్టు చూపించింది. ఆ తర్వాత పుల్ల పెట్టి, పొడుగు బాగాలేదని చూపించింది. మిల్లుకు పోయింది చెప్పింది. గుమాస్తా అడిగితే చెప్పనిదీ చెప్పింది. అతను రెండుసార్లు పుల్ల పెట్టి చూశాడు. "ఇది ఇట్లా కొలవొచ్చని నాకు తెలియదు," అన్నాడు మర్యాదగా. కొంగు మాట కొట్టేశాడు. మద్దిలేటిని అడిగి రాసుకున్నాడు. గురుస్వామికి పిలుపు పంపమన్నాడు.

ముందు రూతు దగ్గర వేలిముద్ర తీసుకోవాలి. అధికారి సిరా దిమ్మె తెరిచి, కాగితాల వైపే చూస్తూ అలవాటుగా అన్నాడు, "కుడి చెయ్యి ఇటివ్వమ్మా."

చెయ్యి రాలేదు. అతను తలెత్తి చూసి, దిమ్మెను ఇంకో పక్కకు జరిపాడు. రూతు ఎడమచెయ్యి చాపింది. బొటనవేలు ఆమే నొక్కింది, గట్టిగా.

"నీకు సంతకం వచ్చునా?" అని ఉమామహేశ్వరమ్మను అడిగాడు.

"వస్తాది."

కలం అందుకుని మొదలుపెట్టింది. పెద్ద పేరు. పాళీ రెండు ముక్కుల్లో ఒకటి పొడుగ్గా ఉన్నట్టుంది, ఒక పక్కే కాగితాన్ని గీరుతోంది, సిరా సరిగా రావడం లేదు. ఆమె కలం మార్చమని అడగలేదు. మెల్లగా, అక్షరం అక్షరం దిద్దుకుంటూ, పూర్తిగా రాసింది.